లోపం అనే మాట

"లోపం ఎవరిలో ఉందట?" పెళ్లయి రెండేళ్లు దాటినా 'విశేషం' లేని ఇంటి గురించి చుట్టాలు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. వ్యాకరణంలో లోపమంటే అక్షరం రాలిపోవడం. ఆ అక్షరం తప్పు చేసిందని అక్కడ ఎవరూ అనరు. ఆడదాని ఒంటి దగ్గరికి వచ్చేసరికి అదే మాటకు నిందార్థం ఎక్కడి నుంచి వచ్చింది?

పిల్లలు లేని మా పెద్దమ్మ విషయంలో లోపం ఎవరిలో అన్న ప్రశ్న కూడా ఎవరూ అడగలేదు, జవాబు ముందే తేల్చేశారు గనక. బారసాలకు పిలిచేవారు, ఉయ్యాల దగ్గరికి పిలిచేవారు కాదు. ఎవరూ చెప్పకుండానే ఆమె వంటింట్లోకి వెళ్లి పప్పు రుబ్బుతూ కూర్చునేది. ఆమె ఎదుట 'గొడ్రాలు' అని ఎవరూ అనగా నేను వినలేదు. అనక్కర్లేకుండానే ఆ మాట ఇల్లంతా తిరిగేది.

మగవాడి కోసం ఆ మాటకు జత ఉందా అని వెతికాను. వాడుకలో నాకు దొరకలేదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుడి వైపు నుంచీ కారణం ఉంటుందని వైద్యులు చెబుతారు. వీర్యపరీక్షంత సులువైనది ఇంకోటి లేదు. అయినా భార్య ట్యూబుల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీయించాక గాని ఆ పరీక్షకు కదలని భర్తలున్నారు. రామాయణంలోనూ ఇదే తీరు: దశరథుడికి ముగ్గురు భార్యలున్నా సంతానం లేదు. యాగం రాజు చేశాడు, పాయసం రాణులు తాగారు. ఈ కాలంలోనూ అంతే: 2024 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ గుడిలో సంతానం లేని స్త్రీలకు గరుడ ప్రసాదం పెడతారని తెలిసి జనం పోటెత్తారు, దారులు గంటల తరబడి నిలిచిపోయాయి. ఎండలో నిలబడ్డ ఆ ఆశను నేను తక్కువ చేయను. వాళ్లలో ఎందరి భర్తలు పరీక్ష చేయించుకున్నారో అన్న ఆలోచన మాత్రం నన్ను వదలలేదు.

అసలు కారణాలను దగ్గరగా చూస్తే ఎవరి మీద కోపగించుకోవాలి? జనం 'నీటి బుడగలు' అనే పీసీఓఎస్‌లో కనిపించేవి నిజానికి బుడగలు కావు, ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు. హార్మోన్ల తూకం తప్పి నెలనెలా అండం విడుదల కాదు. థైరాయిడ్ గ్రంథి మందగించినా ఆ లయ చెదరవచ్చు. ఎండోమెట్రియోసిస్‌లో గర్భసంచి లోపలి పొర వంటిదే బయట పెరిగి, అవయవాలను ఒకదానికొకటి అతికించేస్తుంది. పిల్లల్ని కనే వయసు స్త్రీలలో సుమారు పదిమందిలో ఒకరికి ఉండే జబ్బు ఇది. "నెలసరి నొప్పి ఎవరికి ఉండదే, ఓర్చుకో" అన్న మాట కింద అది ఏళ్ల తరబడి దాక్కుంటుంది. ఓర్చుకోమన్నదీ మనమే, తర్వాత లోపమన్నదీ మనమే.

వయసు సంగతి వేరు. ఆడపిల్ల పుట్టేనాటికి పది ఇరవై లక్షల అండాలుంటాయి, పెద్దమనిషి అయ్యేసరికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి, ముప్పై ఐదు దాటాక తరుగుదల వేగం పుంజుకుంటుంది. నేనుగా మారిన అండం మా అమ్మ ఇంకా అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే రూపు దిద్దుకుందని తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. మూడు తరాలను కలిపే ఈ సంగతి తెలిసి కూడా, "చదువులంటూ ఆలస్యం చేసింది, అనుభవిస్తోంది" అని ఎలా అనగలుగుతున్నాం? తన కాళ్ల మీద నిలబడటానికి ఆమె తీసుకున్న కాలం ఎవరి దగ్గర దొంగిలించింది?

మా పెద్దమ్మకు పదిహేనేళ్లప్పుడు క్షయ వచ్చి తగ్గింది. ఆ క్రిములు ఊపిరితిత్తుల నుంచి రక్తంలో కలిసి గర్భసంచి ట్యూబులకు చేరి, చప్పుడు లేకుండా వాటిని మూసేయగలవు. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఆమెకు జరిగింది అదేనో కాదో చెప్పలేను, ఎవరూ పరీక్ష చేయించలేదు. డెబ్బై దాటాక ఒకసారి ఈ సంగతి ఆమెకు చెప్పాను. చాలాసేపు చీర కొంగు అంచు నలుపుతూ కూర్చుంది.

"అయితే నేనేం చెయ్యలేదన్నమాటేగా?" అంది.

ఏం చెయ్యలేదు పెద్దమ్మా అన్నాను. మర్నాడు కాఫీ ఇస్తూ మళ్లీ అదే అడిగింది.

ఊరటనిచ్చానని అప్పుడు సంతోషించాను. ఇప్పుడు అంత నమ్మకంగా లేను. పరీక్షలన్నీ సరిగ్గానే ఉండి, ఏ కారణమూ తేలని స్త్రీలు ఎందరో ఉన్నారు. చూపడానికి ఒక క్రిమి పేరైనా లేని వాళ్లలో ఒకరు వచ్చి ఇదే ప్రశ్న అడిగితే ఏం చెబుతాను? నిర్దోషినని నిరూపించుకోవాల్సిన బోను ఒకటి ఉందని పెద్దమ్మతో పాటు నేనూ ఒప్పుకున్నానేమో.