ఏడో నంబరు గది

బాంబు పేలుళ్ల దోషులకు ఉరి ఖాయమైందని టీవీలో వస్తే నంద్యాల టీకొట్ల దగ్గర వినపడే మాట ఒకటే: "వాళ్లకు లాయరెందుకు, అప్పీలెందుకు? నడిబజార్లో కాల్చి పారేయాల." 2013లో దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన పేలుళ్లలో కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ మాటంటే నేను తలవంచుకుని వింటాను. ఆమె కోపంలో న్యాయముంది. ప్రభుత్వం మాత్రం కోపంతో పనిచేయకూడదు. ఎందుకో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు.

1977 మే 5 రాత్రి గడిచి తెల్లవారుజామున మూడున్నర వేళ, కోవెలకుంట్ల సబ్‌జైలు ఏడో నంబరు గదిలోకి బాంబులు విసిరారు. లోపల ఒక కేసులో అరెస్టయిన తండ్రీకొడుకులు. ప్రాణభయం ఉంది, కాపలా పెంచండని ముందే మొరపెట్టుకున్నా ఆలకించినవారు లేరు. తండ్రి చనిపోయారు. గాయాలతో బయటపడ్డ కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి, తర్వాత ఎమ్మెల్యే అయినాయనే, ప్రభుత్వం మీద దావా వేశారు. సార్వభౌమాధికారంతో చేసే పనికి పరిహారం అడగరాదని ప్రభుత్వం వాదించింది. 2000లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసి, రూ.1,44,000 పరిహారాన్ని నిలబెట్టింది. శిక్ష పడ్డా, విచారణలో ఉన్నా ఖైదీ మనిషేనంది. ఆ తండ్రీకొడుకులు మంచివాళ్లా కాదా అన్న ప్రశ్నకు అక్కడ చోటే లేదు. తాళంచెవి ఎవరి దగ్గరుంటే లోపలి ప్రాణానికి పూచీ వాళ్లదే.

ఆళ్లగడ్డకూ కోవెలకుంట్లకూ నడుమ ఉయ్యాలవాడ ఉంది. తమ మీద తిరగబడ్డ ఆ ఊరి నరసింహారెడ్డిని ఈస్టిండియా కంపెనీ 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీసి, తలను జనం చూసేలా వేలాడదీసింది; అది 1877 దాకా అలాగే ఉంది. ఆయన్నీ, సంతలో బాంబు పెట్టేవాణ్నీ ఒకే గాటన కట్టను. కానీ చచ్చినవాడి తలకు కూడా ముప్పై ఏళ్లు శిక్ష వేసిన పాలకులు ఎంతకు దిగజారారో మన సీమకు తెలుసు.

పైగా కోర్టులూ పొరబడతాయి. గుజరాత్‌లోని అక్షరధామ్ గుడిపై దాడి కేసులో ముగ్గురి ఉరిని హైకోర్టు కూడా ఖాయం చేశాక, 2014లో సుప్రీంకోర్టు నిందితులు ఆరుగురినీ నిర్దోషులని వదిలేసింది. అప్పీలు లేకుంటే ఆ ముగ్గురూ ఉరికంబం ఎక్కేవారు.

ఉగ్రవాదికి శిక్ష పూర్తిగా పడాల్సిందే, స్వేచ్ఛ పోవాల్సిందే. వకీలు, అప్పీలు, వైద్యం, కొట్టకుండా ఉండే లాకప్పు మాత్రం అతనికీ దక్కాలి. వీటిని ఒక్కడి దగ్గర్నుంచి తీసేసే అధికారం ప్రభుత్వానికి ఇస్తే, తర్వాత రెండోవాడెవరో తేల్చేది మనం కాదు.