వాలుగ దవడ, వెండ్రుకవంటి నూలు

శ్రీకాకుళము జిల్లా పొందూరులో ఒక వృద్ధమాత, వాలుగ చేప దవడయెముకను చేతబట్టి, దాని సన్నని పండ్లతో గింజమీది పత్తిని పాయలు పాయలుగా దువ్వి, మలినమును బాపి, గింజ తీసి, ఏకి, అరటిదొప్పలో భద్రపఱచిన ఏకులనుండి రాట్నముపై వెండ్రుకవంటి నూలు వడకుచుండును. ఆ 100 కౌంటు నూలే మగ్గమెక్కి, గాంధీమహాత్ముని మెప్పు గొన్న ఖద్దరగుచున్నది. ఆమె చుట్టును ఇరుగుపొరుగు స్త్రీలు చేరి, కష్టసుఖములు కలబోసికొనుచు, కోడలికి అత్తయు, మనుమరాలికి అవ్వయు చేతిపని నేర్పుచుందురు. పోగును బిగియ లాగినచో తెగును, వదలుగా విడిచినచో మెలికపడును. ఆ రెంటి నడుమనుండు ఓర్పునే ఆమె జీవితమెల్ల సాధన చేసినది. నేడు మనము ధరించు వస్త్రమును ఒక్కసారి వ్రేళ్ళతో తాకి, ఆ చేతులను స్మరింతము. ఆ చేతుల శ్రమకు తగిన వెల నిచ్చుట మన ధర్మమని తలంతము.