చంద్రుడికి చేసిన వైద్యం

లైంగిక సంపర్కం వల్ల సోకే జబ్బులకు తెలుగు వాడుకలో సుఖవ్యాధులనీ గుప్తరోగాలనీ రెండు పేర్లున్నాయి; మొదటిది జబ్బుకు కారణం రోగి అనుభవించిన సుఖమేనని తీర్పు చెబుతుంది, రెండోది దాన్ని దాచుకోక తప్పదని ఆజ్ఞ వేస్తుంది. పూర్వం చేసిన పాపమే దేహంలో రోగమై పీడిస్తుందన్న నమ్మకం ఈ రెండు పేర్లకూ వెనుక ఉంది. ఆ నమ్మకాన్ని చివరిదాకా అనుసరిస్తే ఒక చిక్కు ఎదురవుతుంది: రోగం కర్మఫలమే అయితే, దాన్ని రాకుండా ఆపడమూ వచ్చాక మాన్పడమూ కర్మకు అడ్డు తగలడం అవుతుందా?

దీనికి సమాధానం కోసం చరక సంహితనే తెరవవచ్చు. రాజయక్ష్మకు, అంటే క్షయకు, చికిత్స చెప్పే అధ్యాయం చంద్రుడి కథతో మొదలవుతుంది. దక్షుడి కూతుళ్లను పెళ్లాడిన చంద్రుడు రోహిణి ఒక్కతె మీదే వ్యామోహం పెంచుకుని తక్కిన భార్యలను పట్టించుకోలేదు; మామ ఆగ్రహం రోగమై సోకగా క్షీణించిపోయాడు. రోగాన్ని కామదోషానికి ముడిపెట్టే కథే ఇది, అందులో సందేహం లేదు. అయితే కథ అక్కడ ఆగలేదు. చంద్రుడు బుద్ధి మార్చుకుని మామను శరణు వేడాడు; ఆ మార్పు ఒక్కటే మందు కాలేదు కనుక దేవవైద్యులైన అశ్వినులు వచ్చి చికిత్స చేయవలసి వచ్చింది. పశ్చాత్తాపం ఒకటి, వైద్యం మరొకటి అన్న విభజన ఆ కథలోనే ఉంది. అదే గ్రంథంలోని విమానస్థానం ఆయుర్దాయం దైవం మీదా పురుషకారం మీదా, అంటే పూర్వకర్మ మీదా ఇప్పటి ప్రయత్నం మీదా, ఆధారపడుతుందనీ, బలమైన ప్రయత్నం బలహీనమైన దైవాన్ని గెలుస్తుందనీ వాదిస్తుంది. నివారణ కర్మసిద్ధాంతానికి విరుద్ధమని చెప్పేవారు ఆ సిద్ధాంతంలో సగమే చదివినట్టు లెక్క.

రోగకారణాల్లో చరకుడు ప్రజ్ఞాపరాధాన్ని కూడా చేర్చాడు. బుద్ధి, నిగ్రహం, జ్ఞాపకం తప్పినప్పుడు మనిషి చేసే పని అని దాని అర్థం. జబ్బు వచ్చాక రోగిని నిందించడానికి ఆ మాటను వాడుకోవడమే పరిపాటి అయింది గానీ, దాని అసలు ప్రయోజనం ఇకముందు చేయబోయే పనిలో జాగ్రత్త పడమని హెచ్చరించడంలో ఉంది.

పదహారో శతాబ్దంలో భావమిశ్రుడు భావప్రకాశం అనే వైద్యగ్రంథంలో ఫిరంగ రోగాన్ని వర్ణించాడు. తెలుగువారు సవాయి అన్న సిఫిలిస్ ఇదే. పరంగివాళ్లతో, అంటే ఐరోపావారితో, వచ్చిన ఈ జబ్బును ఆయన ఆగంతుకమని, అంటే బయటినుంచి వచ్చి పడేదని, వర్గీకరించి, రోగితో సంపర్కం వల్ల సోకుతుందని చెప్పి పాదరసపు మందులు సూచించాడు. (ఇటలీవారు దాన్ని ఫ్రెంచి జబ్బన్నారు, ఫ్రెంచివారు నేపుల్స్ జబ్బన్నారు; తప్పు పక్కవాడి మీదికి నెట్టడంలో దేశభేదం లేదు.)

ఈ జబ్బు నడక చూస్తే పాపఫల వాదం ఎక్కడ తడబడుతుందో తెలుస్తుంది. సోకిన సుమారు మూడు వారాలకు ఒక పుండు లేస్తుంది; నొప్పి ఉండదు, మందు వేయకపోయినా కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. మానిందనుకున్న మనిషి నిశ్చింతగా ఇంటికి తెచ్చిన క్రిమి భార్యకూ, ఆమె గర్భంలోని బిడ్డకూ చేరుతుంది. ఆ బిడ్డ చేసిన పాపమేమిటి? పూర్వజన్మను చూపి జవాబు చెప్పవచ్చు గానీ, గర్భిణికి రక్తపరీక్ష చేసి సకాలంలో పెన్సిలిన్ ఇస్తే చాలావరకు తప్పిపోయే కీడును పూర్వజన్మ పేరుతో వదిలేయడం ధర్మం అనిపించుకోదు.

పాపం ఎవరిదో ముందే తేల్చుకుని చేసిన నివారణ ఎలా ఉంటుందో బ్రిటిష్ ఇండియాలో 1868 నాటి అంటురోగాల చట్టం చూపింది. వేశ్యావృత్తిలోని స్త్రీలు పేరు నమోదు చేయించుకుని దేహపరీక్షకు రావాలని అది శాసించింది. వారి దగ్గరికి వెళ్లే మగవారికి ఏ పరీక్షా విధించలేదు. 1888లో దాన్ని రద్దు చేశారు. ఆ నిర్బంధం ధర్మవిరుద్ధమే కాదు, వైద్యంగా చూసినా అసంగతం. ఇద్దరి మధ్య తిరిగే జబ్బుకు ఒక్కరినే పట్టుకున్నారు.

కాబట్టి ఈ విషయంలో నిజమైన ధర్మప్రశ్న సుఖం గురించి కాదు, తెలిసీ చెప్పకపోవడం గురించి. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ వైరస్ సోకినవారు ఇతరులకు సోకకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవాలని, ముందుగా తెలపడం కూడా అందులో ఒకటని చెప్పింది. అయితే చెబితే హింసకో, గెంటివేతకో గురవుతానని సహేతుకంగా భయపడే స్త్రీకి మినహాయింపు ఇచ్చింది. సత్యం చెప్పవలసిన భారం, దాని మూల్యం అందరికీ ఒకటి కాదని గుర్తించిన ఈ మినహాయింపు చాలా నీతిబోధల కంటే సూక్ష్మమైనది.

కండోమ్, హెపటైటిస్ బీ, హెచ్‌పీవీ టీకాలు, అనుమానం కలగగానే పరీక్ష అన్నవి ఇప్పుడు అందరికీ తెలిసిన రక్షణలే. ప్రభుత్వాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో పరీక్షా మందులూ ఉచితం. 1097 నంబరుకు ఫోన్ చేసి ముందుగా సలహా అడగవచ్చు. రోగిని భాగస్వామితో కలిసి రమ్మంటారు, ఎందుకంటే ఒక్కరికే మందిస్తే నయమైన జబ్బు రెండోవారి నుంచి మళ్లీ సోకుతుంది.