కాకతాళీయం

ఈ మాటను మనం తేలిగ్గా వాడేస్తుంటాం. కాకి వాలింది, అదే క్షణంలో తాటిపండు పడింది. ఒకదానికొకటి కారణం కాదు. హోసూరు వాళ్ళం గనక మాకు ఈ కాకి మూడు భాషల్లోనూ ఎదురవుతుంది. తమిళ సామెతలోనూ తాటిపండే పడుతుంది. కన్నడంలో కొమ్మ విరుగుతుంది.

నేను బి.కాం. వాణ్ణి, వ్యాకరణం నా విషయం కాదు. అయినా ఈ మాట నన్ను పట్టుకుని వదల్లేదు.

2009లో ఒక పల్లె బ్రాంచిలో నగల అప్పులు చూసేవాణ్ణి. గడువు మీరినవారి పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఆ నెల నలభై పేర్లకు సంతకం చేశాను. ఆ మధ్యాహ్నమే ఒక పెద్దమనిషి డబ్బు తీసుకోవడానికి వచ్చి, వరుసలో నిలబడి జాబితా చదివాడు. తన కొడుక్కి ఖాయం చేసుకున్న పిల్ల తల్లి పేరు అందులో ఉంది. సంబంధం తప్పిపోయింది.

‘‘కాకతాళీయం, మీరేం చేస్తారు?’’ అన్నారు మేనేజరు. ఆ తల్లి కూడా వడ్డీ కట్టడానికి వచ్చినప్పుడు నన్నేమీ అనలేదు. ‘‘మా కాలం కలిసి రాలే సామీ’’ అంది. చిత్రం చూడండి. రెండూ ఒకే పూట కలిసి వచ్చినందుకే కదా ఆ ఇంట్లో ఏడుపు! మంచి జరిగితేనే మన తెలుగులో కాలం ‘‘కలిసి వచ్చినట్టు’’.

కొన్నేళ్ళకు, సంస్కృతం తెలిసిన మిత్రుడొకరు ఈ మాట పుట్టుక చెప్పారు. పాణిని అయిదో అధ్యాయంలో ఇలాంటి మాటలకొక సూత్రం ఉంది. దానికి కాశికావృత్తి చెప్పే వివరణలో కాకి ఊరికే వాలదు. పండు మీద పడి చస్తుంది. మన వాడుకలో ఆ చావు జారిపోయింది. అంతటితో ఆగక కాశిక దేవదత్తుణ్ణి తెస్తుంది: అతను అటు వెళ్ళడం యాదృచ్ఛికం, దొంగలు అక్కడికి రావడం యాదృచ్ఛికం, వాళ్ళు అతణ్ణి చంపారు.

నేను అక్కడ ఆగిపోయాను. తాటిపండును ఎవరూ అడగరు. దొంగ సంగతి వేరు. అతను అక్కడికి రావడం యాదృచ్ఛికమే కావచ్చు, కత్తి దూయడం కాదుగా?

జాబితా తేదీ నాది కాదు, పెద్దమనిషి రావడమూ నాది కాదు. కానీ వారం ముందు ఆ తల్లి నా బల్ల దగ్గరికి వచ్చి, ‘‘టమాటా దుడ్డు రాగానే కడతా, పది దినాలు ఆగు సామీ’’ అంది. ‘‘చూద్దాంలేమ్మా’’ అన్నాను. రాసుకోలేదు, మరిచిపోయాను. సంతకం చేసేటప్పుడు పేర్లు చదవనూ లేదు.

మరుసటేడు ఆ పిల్లకు వేరేచోట పెళ్ళయింది. శుభలేఖ నా పేరుతోనే వచ్చింది. ఆ రోజు బ్రాంచిలో ఆడిటు, వెళ్ళలేదు. ఆడిటు లేకపోతే వెళ్ళేవాణ్ణా అని మా ఆవిడ అప్పుడే అడిగింది.