క్రొత్తవాని వేషము

ఒక వేషమునకు తగినవాడెవడు, తగనివాడెవడు అను ప్రశ్న పైకి వినోదమునకు సంబంధించినదిగా కనబడును. కొంచెము తరచి చూచినచో, మన బిడ్డలను, శిష్యులను, మన చేతిక్రింద పనిచేయువారిని మనమే కొలతతో కొలుచుచున్నాము అను ధర్మప్రశ్న దాని అడుగున కానవచ్చును. ఆ మధ్య శావల్యాపురమున మా యింటి యరుగుమీద ఇద్దరు మిత్రుల నడుమ దీనిని గూర్చి వాదము జరిగెను. వాదమునకు మూలము ఆంగ్ల గూఢచారి చిత్రములలో నటించిన ఒక నూతన నటుడు. "అతడా వేషమున నిలువదగినవాడు కాడు, ఒక్క చిత్రముతో పోవుటయే మేలైనది" అని ఒకరనిరి. "ఒక్క చిత్రముతో మనిషిని తూచుట యేమి న్యాయమండీ?" అని రెండవవారనిరి. మమ్ము తీర్పు చెప్పుమనిరి. మేము చెప్పలేకపోతిమి. ఏల చెప్పలేకపోతిమో ఇచట విచారింపదలచినాము.

ఆ నటుని పేరు జార్జి లాజెన్‌బీ. ఆస్ట్రేలియా దేశస్థుడు. కార్లు అమ్మి, పిమ్మట వ్యాపార ప్రకటనలకు నిలబడి జీవించినవాడు. నటనలో చెప్పదగిన అనుభవము లేనివాడు. జేమ్స్ బాండ్ అను గూఢచారి వేషమును 1962 మొదలు 1967 వరకు ఐదు చిత్రములలో ధరించి లోకప్రసిద్ధుడైన షాన్ కానరీ తప్పుకొనగా, ఆ వేషము ఇతనికి లభించెను. 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' అను ఆ చిత్రము 1969 డిసెంబరులో విడుదలయ్యెను. చూచినవారిలో పలువురు ఇతనిని చూడలేదు. ఇతనిలో లేని కానరీని వెదకిరి. 1971లో కానరీయే మరల ఆ వేషమునకు వచ్చెను. కాని ఒక సంగతి మరువరాదు. లాజెన్‌బీని నిర్మాతలు వెడలగొట్టలేదు. మరికొన్ని చిత్రములకు ఒడంబడిక చేసికొందమని వారు కోరగా, ఇట్టి కథలకు కాలము చెల్లినదను సలహాను నమ్మి ఇతడే వలదనెను.

దీనికి సాటియైన వృత్తాంతము మన యింటిలోనే కలదు. 1964లో ఆదుర్తి సుబ్బారావు గారు నూతన నటులు కావలెనని పత్రికలలో ప్రకటించిరి. అప్పటికి 'మూగమనసులు' వంటి చిత్రముతో వారి కీర్తి ఉచ్చస్థితిలో నుండెను. ప్రసిద్ధులైన నటులు వారి పిలుపునకు రాకపోరు. అయినను క్రొత్తవారితోనే 'తేనెమనసులు' తీయబూనిరి. ఎన్నికైన వారిలో తెనాలి చెంతనున్న బుర్రిపాలెపు యువకుడు, ఇరువదియొక్కయేండ్ల కృష్ణ యొకడు. చిత్రీకరణ మొదలైన పిమ్మట ఇతని నటన బాగుగా లేదనియు, తొలగించి వేరొకని పెట్టుమనియు కొందరు దర్శకుని ఒత్తిడి చేసిరి. ఆదుర్తివారు తొలగింపలేదు. తెలుగున పూర్తిగా రంగులలో తీసిన తొలి సాంఘిక చిత్రమని పేరొందిన ఆ చిత్రము 1965 మార్చిలో విడుదలయ్యెను. అందు స్కూటరుపై కారును వెంబడించి దాని మీదికి దూకు ఘట్టమును కృష్ణ మారువేషగాని సాయము లేకుండ తానే చేసెను. ఆ సాహసమును చూచియే నిర్మాత డూండీ గారు తమ గూఢచారి చిత్రమునకు అతనిని పిలిచిరని చెప్పుదురు. ఆ చిత్రమే 1966లో వచ్చిన 'గూఢచారి 116'. ప్రజలు అతనిని ఆంధ్రా జేమ్స్ బాండ్ అనిరి. తరువాత 1974లో అల్లూరి సీతారామరాజుగా నిలిచినవాడును, 300కు పైబడిన చిత్రములలో నటించి 2022లో దివంగతుడైనవాడును ఆ తొలగింపదలచిన యువకుడే.

"చూచితిరా, చివరకు గెలిచెను గనుక అతడర్హుడు" అని యనవచ్చును. మేమట్లనము. ఫలమును చూచి అర్హతను నిర్ణయించుట వర్షము కురిసిన పిమ్మట మేఘమును పొగడుటవంటిది. 1964లో ఆదుర్తివారి యెదుట ఉన్నది తడబడు యువకుడే కాని తరువాతి కీర్తి కాదు. ఒకవేళ కృష్ణ ఆ చిత్రముతోనే మరుగున పడియుండినచో, ఆదుర్తివారు చేసినది తప్పయ్యెడిదా? కాదని మా యభిప్రాయము. వారి న్యాయము ఫలమునందు లేదు. ఇచ్చిన మాటకును పరీక్షకును తగిన గడువునిచ్చుటయందు ఉన్నది.

అర్హత యను మాటకు మనము మూడర్థములను కలిపివేయుచున్నాము. నేడు చేతనైన పని యొకటి. రేపు చేతనగు శక్తి యొకటి. ఎదుటివాడు పిలిచి పని యప్పగించినందున కలిగిన హక్కు యొకటి. ఆరితేరినవానిని మొదటిదానితో కొలువవచ్చును. క్రొత్తవానిని దానితోనే కొలుచుట అన్యాయము. అతనికి అనుభవము లేదని యెరిగియే కదా పిలిచితిమి! ఎరిగి పిలిచిన లోపమును పిలిచిన మరునాడు నేరముగా చూపరాదు. విత్తు నాటినవాడు మూడవనాడే త్రవ్వి చూచి మొలకెత్తలేదని పారవేసినచో తప్పు విత్తుది కాదు.

పాతవానితో పోల్చుట రెండవ అన్యాయము. కానరీ యనినంతనే ఆ వేషమునకై పుట్టినవాడని నేడందురు. కాని 1962లో వచ్చిన తొలి చిత్రమునకు అతనిని ఎన్నుకొన్నప్పుడు, ఆ కథల కర్తయైన ఇయాన్ ఫ్లెమింగే అతనియందు నాగరికత చాలదని సందేహించెను. చిత్రము చూచిన పిమ్మట మనసు మార్చుకొని, తన తరువాతి నవలలో బాండునకు స్కాట్లండు దేశపు వంశమును కల్పించెను. 2005లో డేనియల్ క్రెయిగ్‌ను ఆ వేషమునకు ప్రకటించినపుడు, అతని జుట్టు రంగును చూచియే చిత్రమును బహిష్కరింపుడని కేకలు వేసినవారు కలరు. అప్పటికి ఆ చిత్రమున ఒక్క అడుగైనను వారు చూచి యుండలేదు. అతడు 2006 మొదలు 2021 వరకు ఐదు చిత్రములలో ఆ వేషమున నిలిచెను. నేటి పాతవాడు నిన్నటి క్రొత్తవాడే యను సామాన్య సత్యమును మన మెంత శీఘ్రముగా మరతుము! కాళిదాసంతటివాడు మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో, భాస సౌమిల్ల కవిపుత్రులుండగా ఈ వర్తమానకవి నాటకమేల యను ప్రశ్నను పారిపార్శ్వకుని నోట పలికించెను. పరీక్షించి చూడుడనుటయే సూత్రధారుని సమాధాన తాత్పర్యము. మహాకవియే తన క్రొత్తదనమునకు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చెననినచో, ఇతరుల గతి చెప్పనేల?

పరీక్ష సరే, పరీక్షకుడెవడు? భరతుడు నాట్యశాస్త్రమున నటులకు మాత్రమే లక్షణములు చెప్పి ఊరకుండలేదు. ప్రయోగమున వివాదము వచ్చినపుడు తీర్పు చెప్పు ప్రాశ్నికులకును లక్షణములు చెప్పెను. అభినయమును నర్తకుడు, ఛందస్సును ఛందోవేత్త, అంగసౌష్ఠవమును విలుకాడు నిర్ణయింపవలెనట. దీని వలన తేలునదేమి? ఎవని కేది తెలియునో దానియందే వానికి తీర్పు చెప్పు నధికారము గలదు. డబ్బు పెట్టినవానికి డబ్బు విషయమున మాట గలదు; అభినయ విషయమున లేదు. అతని భయము నిజమైనదే కావచ్చును. కాని భయము ప్రమాణము కానేరదు.

ఇచట ఒక గట్టి ఆక్షేపణ కలదు. చలనచిత్రము ఒక్కని సాధనశాల కాదు. దీపములు మోయువాడు మొదలు ఊరూర టిక్కెట్లు చింపువాని వరకు ఎందరో దానిపై బ్రతుకుదురు. నాయకుడు చెడినచో వారందరు చెడుదురు. ఒక్కనిపై దయ చూపి వందమంది కూటిలో మన్ను పోయవచ్చునా? ఈ యాక్షేపణను మేము తేలికగా త్రోయము. గడువు తీరిన పిమ్మటను ఆ పనికి చాలడని తెలిసినవారు నిజముగా తేల్చినచో, క్రొత్తవానిని తప్పింపవలసినదే. దయ న్యాయమునకు బదులు కాదు. కాని అట్లు తప్పించునపుడు ఎన్నుకొన్నవాడు "నా యెన్నిక తప్పినది" అని పదిమందిలో చెప్పి, తప్పులో తన పాలు తాను మోయవలెను. ఆ బరువు తనపై పడునని తెలిసినవాడు ఎన్నికకు ముందే పదిమారులు ఆలోచించును. ఎన్నిక పిమ్మట ఒక్క కేకకు బెదరడు. లోకమున జరుగుచున్నది దీనికి వ్యతిరేకము. ఎన్నుకొన్నవాని కీర్తి నిలుచును. ఎన్నికైనవాని పేరు చెడును.

ఇంతవరకు పరుల మాట చెప్పితిమి. అరుగుమీద మా నోరు పెగలకపోవుటకు కారణము వేరు. కొన్నియేండ్ల క్రిందట మా బడి వార్షికోత్సవమునకు పల్నాటి వీరుల కథను నాటకముగా ఆడింప సంకల్పించితిమి. బాలచంద్రుని వేషము ఒక తాపీమేస్త్రి కొడుకునకు ఇచ్చితిమి. పద్యము వాని గొంతున మ్రోగుట తరగతిలో విని మేమే ఎన్నుకొంటిమి. మొదటి రెండు అభ్యాసములలో వాడు వణకెను, మాట తడబడెను. తెరలకును దీపములకును చందా ఇచ్చిన పెద్దమనుష్యుడు అది చూచి, "మాస్టారూ, వీడు నిలబడలేడు. మా మేనల్లుణ్ణి వేయండి, ఊళ్లో పరువు దక్కుతుంది" అనెను. మేము కాదనలేదు. తెరల సంగతి తలచుకొంటిమి. పిల్లవానిని పిలిచి, నీకు తెర లాగు పని యిత్తుమంటిమి. వాడు సరేనండీ యనెను. నాటకపు రాత్రి మేనల్లుడు చక్కగానే ఆడెను. ఒక్కచోట పద్యము మరచి నిలువగా, తెరచాటునుండి రెండవ పాదము స్పష్టముగా, వణకు లేకుండ, అందివచ్చెను. సభలో ఎవరును గమనింపలేదు. మేము గమనించితిమి. మరుసటి యేడు నాటకమున ఎవరెవరు చేరుదురని అడిగినపుడు ఆ పిల్లవాడు చేయి ఎత్తలేదు.

తన యేకైక పుత్రుడని ఐతాంబ బాలచంద్రుని యుద్ధమునకు పోనీయక ఆపజూచినదని మన పల్నాటి కథ చెప్పును. ఆ తల్లి ఆపినది ప్రేమచేత. మేము ఆపినది తెరలచేత. ఆదుర్తివారికి ఒత్తిడి వచ్చినట్లే మాకును వచ్చినది. వారు పణముగా పెట్టినది తమ కీర్తిని. మేము కాపాడుకొన్నది నాలుగు గజముల గుడ్డను.

అయినను క్రొత్తవాని పక్షమున మాటాడుచు వాని ధర్మమును విస్మరింపరాదు. గడువు దొరికినవాడు దానిని శ్రమతో నింపవలెను. వేషము దొరికినంతనే అది తనదేయని యెంచువానికిని, వేషమును తేలికగా చూచువానికిని, ఇతరులు చేయు అన్యాయమును గూర్చి మొరపెట్టుకొను హక్కు సన్నగిల్లును. కృష్ణ తన్ను వలదన్నవారితో వాదింపలేదు. కారు మీదికి దూకి చూపెను. లాజెన్‌బీకి రెండవ అవకాశము చేతికందినను అతడే విడిచెను. కనుక మా మిత్రుల ప్రశ్నకు ఇప్పుడు తీర్పు చెప్పగలము. అతడు ఆ వేషమున నిలువదగినవాడా? మరొక్క పరీక్షకు నిస్సందేహముగా తగినవాడు. ఆ పరీక్షను లోకము నిరాకరించినచో లోకముది తప్పు. తానే నిరాకరించెను గనుక ఆ నష్టము అతనిదే. కాని తెర లాగిన పిల్లవాని విషయమున ఈ రెండవ మాట చెప్పుకొని ఊరటపడుటకు మాకు వీలు లేదు. వాడు దేనిని విడువలేదు. మేమే విడిపించితిమి.

ఈ యేడును వార్షికోత్సవము రానున్నది. వేషములు పంచునపుడు తడబడు పిల్లవాడొకడు తప్పక యుండును. చందా ఇచ్చు పెద్దమనుష్యుడును తప్పక యుండును. తెరలు లేకున్నను నాటకమాడవచ్చునని ఆయనకు ముందుగనే మనవి చేయదలచినాము.