ఇండెంట్ రాసి తీసుకురా, అల్లుడూ

అల్లుడూ,

మొన్న ఆదివారం ఖుర్సీపార్ నుంచి వచ్చి, మీ అత్త పెట్టిన పెసరట్టు చల్లారిపోతున్నా ముట్టకుండా ఫోను తీసి నా చేతిలో పెట్టావు. పదమూడు వస్తువులు. అడుగున మొత్తం లక్షా నలభై రెండు వేలు, అందులో సగానికి పైగా వాయిదాల మీద. మీ అమ్మ పక్కనే కూర్చుంది కనుక "బాగుందిరా" అని ఊరుకున్నాను. ఆ మాట నీ ఆశ గురించి అన్నాను. ఇంట్లో కూర్చుని సొంతంగా పాటలు కట్టుకోవాలన్న నీ కోరిక నాకు నిజంగా ఇష్టం. జాబితా గురించి నా మనసులో ఉన్నది మాత్రం ఆ రోజు నోరు దాటలేదు. ఇంటికి వెళ్ళాక తీరిగ్గా చదువుకుంటావని ఇప్పుడు రాస్తున్నాను.

ముప్పై మూడేళ్ళు భిలాయ్ ఉక్కు ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేశాను కదా. స్టోర్స్ నుంచి అరడజను ఫ్యూజులు కావాలన్నా ఇండెంట్ రాయాల్సిందే. ఏ యంత్రానికి, పాతదానికి ఏమైంది, ఇది రాకపోతే ఏ పని ఆగుతుంది, అన్నీ రాసి సంతకం పెట్టాలి. కొత్తలో ఆ కాగితాలంటే చిరాకు పడేవాణ్ణి. పోనుపోను తెలిసొచ్చింది, రాయడానికి కూర్చుంటే చాలాసార్లు అసలు లోపం ఇంకోచోట దొరుకుతుంది. బేరింగు అడగబోయి షాఫ్టు వంకర పోయిందని కనిపెట్టిన రోజులు ఎన్నో. నీ జాబితాలో ప్రతి వస్తువు పక్కనా అలాగే రాయి. ఇది లేక నీ పాట ఏది, ఎక్కడ ఆగిపోయింది? ఆగిన పాట పేరు రాయగలిగితే ఆ వస్తువు కొందాం, నేనూ ఒక చెయ్యి వేస్తాను. రాయలేకపోతే దాంతో నీకింకా పని పడలేదన్నమాట.

సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెడతాను. ఎఫ్‌ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లైవ్, స్టూడియో వన్ అని మూడు రాసుకున్నావు. మూడూ మంచివే, నీకు ఒక్కటి చాలు. ఏది గొప్పదని నన్నడిగావు. నేనైతే నీకు దగ్గర్లో ఎవరికి ఏది వచ్చో చూస్తాను. దుర్గ్‌లోనూ భిలాయ్ పవర్ హౌస్ వైపూ ధుమాల్ బాజా పార్టీలకీ డీజేలకీ ఛత్తీస్‌గఢీ రీమిక్సులు చేసే కుర్రాళ్ళు నేను చూసినంతలో ఎఫ్‌ఎల్ మీదే చేస్తున్నారు. రాత్రి పదకొండింటికి ఏదో నొక్కేసి పాటంతా మూగబోతే, పొద్దున్నే బండేసుకుని వెళ్ళి అడగడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఉన్నచోటే మొదలుపెట్టు. పైగా దాన్ని ఒకసారి కొంటే తర్వాత వచ్చే కొత్త వెర్షన్లన్నీ ఉచితంగా ఇస్తారు. అన్నిటికన్నా చవకైన ఎడిషన్‌లో గొంతు రికార్డు చేసుకునే వీలుండదు కనుక, పాడించాలన్న ఆలోచన ఉంటే ప్రొడ్యూసర్ ఎడిషన్ దాకా ఆగి కొను.

అంతవరకూ ట్రయల్ వాడుకో. అందులో అన్నీ పనిచేస్తాయి, చేసింది సేవ్ కూడా అవుతుంది. మూసేసిన ప్రాజెక్టు మాత్రం కొనేదాకా మళ్ళీ తెరుచుకోదు. చాలామంది దీన్ని లోపమంటారు, నేను మంచి గురువంటాను. కూర్చున్న పూటే పాట పూర్తిచేసి ఆడియో ఫైలుగా బయటికి తీయాలి. అలా ఇరవై పాటలు తీశావంటే, ఏడాదిగా నీ ల్యాప్‌టాప్‌లో పేరుకున్న ఎనిమిదేసి బార్ల ముక్కలకన్నా ఎంతో నేర్చుకుంటావు. అది నచ్చకపోతే రీపర్ ఉంది. 60 రోజులు ఏ అడ్డూ లేకుండా వాడుకోవచ్చు, ఆ తర్వాత సొంత వాడకానికి 60 డాలర్లు కట్టాలి. అసలేమీ ఖర్చు పెట్టలేనంటే ఎల్ఎంఎంఎస్ పూర్తిగా ఉచితం. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇస్తానన్న దొంగ కాపీ జోలికి మాత్రం పోకు. రేపు నీ పాటని ఇంకొకడు అలాగే ఎత్తుకుపోతే నీ కడుపు ఎంత మండుతుందో, దాన్ని రాసినవాళ్ళకీ అంతే మండుతుంది.

ప్లగిన్లు నాలుగు రాశావు. సర్జ్ ఎక్స్‌టీ, వైటల్ రెండూ డబ్బు కట్టకుండానే దొరుకుతాయి. ఆ రెండింట్లో ఒకటి పెట్టుకుని ఆర్నెల్లు దాని గుండీ గుండీ తిప్పి చూడు.

నాలుగోదాని దగ్గర నా కళ్ళు ఆగాయి. రష్యావాళ్ళ పోలివోక్స్ సింథసైజర్ మోత ఇచ్చే ప్లగిన్. దాని కథ నీకెవరూ చెప్పి ఉండరు. 1982లో వ్లాదిమిర్ కుజ్మిన్ అనే ఇంజినీరు తయారుచేసిన వాయిద్యం అది. ఉరల్ పర్వతాల్లో కచ్కనార్ అనే ఊళ్ళో, ఫర్మంత రేడియో ఫ్యాక్టరీలో చేసేవారు. కచ్కనార్ అంటే ఇనుప ఖనిజం తవ్వే ఊరు, మనకి దల్లీ రాజహరా ఎలాగో అలాగన్నమాట. మీ తాతగారు శ్రీకాకుళం నుంచి వచ్చి చేరిన ఈ ప్లాంటును కట్టడానికీ, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగించడానికీ సాయపడ్డది అప్పటి సోవియట్ దేశమే. సింథసైజర్‌లో ఫిల్టరు అనేది ధ్వనిలో పదును చెక్కే భాగం. మామూలుగా దానికి కెపాసిటర్లు వేస్తారు. కుజ్మిన్ అవి వెయ్యలేదు. తన చేతికి దొరికిన ఆంప్లిఫయర్ చిప్పుల లోపల పుట్టుకతో ఉన్న గుణాన్నే ఫిల్టరుగా వాడుకున్నాడు. నువ్వు మోజుపడ్డ ఆ గరగర అక్కడి నుంచే వచ్చింది. సర్క్యూట్ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. అలాంటి పనితనం మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను.

చేతిలో ఉన్నదాంతోనే పని సాధించినవాళ్ళు మనకీ ఉన్నారు. మన పక్క ఊరు గనియారీలో పుట్టిన తీజన్ బాయి గారిని చూడు. మన ప్లాంటులోనే ఉద్యోగం చేశారు, 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. పాండవుల కథను పాండవానీగా చెప్పేటప్పుడు ఆవిడ చేతిలోని తంబూరాయే అన్నీ అయ్యేది. భీముడొస్తే అది గద, అర్జునుడొస్తే విల్లు. చరణ్‌జీత్ సింగ్ అని బొంబాయిలో సినిమా పాటలకు వాయించే ఆయన ఉండేవారు. 1982లో రోలాండ్ కంపెనీవి మూడు యంత్రాలు ముందు పెట్టుకుని పది రాగాలు డిస్కో తాళంలో వాయించి రికార్డు తెచ్చారు. అప్పుడు పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచమంతా వెతుక్కుని విన్నారు. అమెరికాలో అయిదేళ్ళ తర్వాత పుట్టిన ఒక సంగీతపు పోకడ ఆయన చేతిలో ముందే పలికింది.

ఇక నీ జాబితాలో అన్నిటికన్నా ఖరీదైనవి, మానిటర్ స్పీకర్ల జత. వీటి దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుందాం, డబ్బంతా వృథా అయ్యేది ఇక్కడే.

మీ గది పది అడుగులకి పది అడుగులు. నాలుగు వైపులా సున్నం కొట్టిన గోడలు, కింద నాపరాయి. గాలిలో శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది. పది అడుగుల గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్ దగ్గర అల సరిగ్గా ఇమిడిపోయి, గోడకూ గోడకూ మధ్య ఊగుతూ ఉండిపోతుంది. గది చదరం కనుక రెండు జతల గోడలదీ అదే పాట. నువ్వు వేసే కిక్కూ బేసూ ఆ దాపులోనే ఉంటాయి. సంక్రాంతికి మీ ఇంటికి వచ్చినప్పుడు మనం చేసింది గుర్తుందా? నీ పాత స్పీకరులో 56 హెర్ట్జ్ ధ్వని ఒక్కటే పెట్టి గదిలో నడిచాం. గోడ పక్కన నిలబడితే డొక్కలో గుద్దినట్టుంది, వంటింటి గూట్లో మీ అమ్మ స్టీలు గిన్నెలు టకటకలాడాయి. నడిమధ్యకి వచ్చేసరికి ఎవరో ప్లగ్గు పీకేసినట్టు మాయమైపోయింది. నువ్వు కుర్చీ వేసుకునేది ఆ నడిమధ్యనే. అక్కడ బేసు వినిపించక పెంచుతావు. ఆ పాటనే మన వినాయకుడి ఊరేగింపులో లారీ మీద వేస్తే బేసు తప్ప ఇంకేమీ వినపడదు. పోయినేడు జరిగిందదే, నువ్వేమో స్పీకర్లు చవకవి కనుక అలా అయిందనుకున్నావు. ముప్పై వేల స్పీకర్లు తెచ్చినా ఆ గోడలు అక్కడే ఉంటాయి.

అందుకని ముందు హెడ్‌ఫోన్లు. చెవి పూర్తిగా మూసేవి, నెత్తిన బరువు తెలియనివి, చెవి మీది దిండ్లు మార్చుకోగలిగినవి. వాటి మీద నీకు నచ్చిన పది పాటలు రోజూ విను, బేసు ఎంత ఉండాలో చెవికి పట్టేదాకా. మీ బ్లాకులో పక్కింటాయన నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలే పడుకుంటాడు, ఆయన నిద్రకీ ఇదే మేలు. స్పీకర్లు కొనే రోజు వచ్చినప్పుడు కుర్చీ గది మధ్య నుంచి జరుపు, వెనక గోడకు మీ అమ్మ పాత రజాయిలు మందంగా వేలాడదియ్యి, మూలల్లో పరుపులు నిలబెట్టు. రజాయి బేసును ఆపలేదు గానీ పైస్థాయి గలగలను తగ్గిస్తుంది, పరుపు ఎంత మందంగా ఉంటే అంత కిందికి పనిచేస్తుంది.

చెవుల సంగతి వచ్చింది కనుక ఇది కూడా విను. వయసులో ఉన్నప్పుడు బాలాజీ గుడి ఉత్సవాలకీ పెళ్ళిళ్ళకీ కీబోర్డు వాయిస్తూ స్పీకర్ పెట్టె పక్కనే గంటల తరబడి నిలబడేవాణ్ణి. పెద్దవాళ్ళు వారించినా వినలేదు. ఇప్పుడు 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల నా చెవికి గొయ్యి పడింది. మీ అత్త వంటింట్లోంచి పిలిస్తే గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. 85 డెసిబెల్స్ మోత ఎనిమిది గంటలు ఓర్చుకోవచ్చంటారు. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర పావుగంటే. హెడ్‌ఫోను పెట్టుకున్నప్పుడు గదిలో మనిషి మామూలుగా మాట్లాడితే నీకు తెలియాలి, అంతకు మించి పెంచకు. నీ జాబితాలో ఏది పాడైనా కొనిపెడతాను, చెవులు మాత్రం నా వల్ల కాదు.

ఆడియో ఇంటర్‌ఫేస్ కొనాల్సిందే, దానికి ఇండెంట్ నేనే రాస్తాను. నువ్వు మీట నొక్కాక శబ్దం ఆలస్యంగా వస్తోందని చేతులు తడబడటం కళ్ళారా చూశాను. రెండు ఇన్‌పుట్లున్న చిన్నది చాలు, దాని సొంత ఏసియో డ్రైవర్ బాగుండాలి. బఫర్ 512 సాంపిళ్ళ దగ్గర ఉంటే ఆ ఒక్క దశలోనే 11 మిల్లీసెకన్లు దాటిపోతుంది. 128కి దించితే మూడుకు లోపే, అంటే మీటరు దూరంలో ఉన్న డోలక్ నీ చెవికి చేరేంత సేపు. వాయించేటప్పుడు దించు, మిక్సు చేసేటప్పుడు పెంచుకో. కొత్త ల్యాప్‌టాప్ వద్దు, ఉన్నదానికి ర్యామ్ 16 జీబీ చేసి, ఎస్‌ఎస్‌డీ వేయించు, మే నెలలో పరుపు మీద పెట్టి వాడకు. మైకు కండెన్సర్ రాశావు, అది కూలర్ని కూడా పాడిస్తుంది. డైనమిక్ తీసుకో. మీ ప్లగ్గులో ఎర్త్ సరిగా ఉందో లేదో నేనే టెస్టర్ తెచ్చి చూస్తాను, హమ్మింగు వస్తోందంటే ముందు చూడాల్సింది అదే.

మిడి కీబోర్డు 61 మీటలది రాశావు. బేసూ తాళాలూ వేసుకోవడానికి 25 చాలు, పిచ్ బెండ్ చక్రం మాత్రం ఉండాలి. మన పాటలో స్వరం ఒకచోట నిలవదు, ఊగుతుంది. ఆ గమకం మీటలో ఉండదు, చక్రం మీద ఉన్న ఎడమచేతి వేలిలో ఉంటుంది. మోహన రాగం అయిదు స్వరాలే తీసుకుని నెలరోజులు ఆ వేలికి పని చెప్పు.

చివరికి నీ జాబితాలో సాంపిల్ ప్యాకులు మిగిలాయి. లోహపు గంటలు, పారిశ్రామిక ధ్వనులు అని ఎక్కడో విదేశంలో రికార్డు చేసినవి డబ్బు పెట్టి తెచ్చుకోబోతున్నావు. అల్లుడూ, మన ఊళ్ళో 130 మీటర్ల పట్టా ఒకే ముక్కగా వస్తుంది, దేశంలో రైళ్ళు నడిచే పట్టాల్లో చాలావరకు మన ప్లాంటువే. పలాస దగ్గర మీ తాతగారి ఊరి బడిలో గంట అంటే చింతచెట్టుకి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఇనుప బోల్టుతో కొడితే ఊరి చివరి దాకా వినిపించేది. అంచున కొడితే ఒక స్వరం, నడుమ కొడితే ఇంకోటి. తీగె మీద పుట్టే అనుస్వరాల్లా అవి వరుసలో కూర్చోవు, ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి, అందుకే ఆ మోత అంతసేపు చెవిలో తిరుగుతుంది. వేసవికి ఊరెళ్ళినప్పుడు ఫోను దగ్గరగా పెట్టి, మెల్లగా, గట్టిగా, అంచున, నడుమ, ఒక్కో దెబ్బా పూర్తిగా ఆరిపోయేదాకా రికార్డు చేసుకురా. ఎఫ్‌ఎల్‌లో ఉన్న సాంపిలర్‌లో వేసి రెండు స్థాయిలు కిందికి దించి చూడు. పవర్ హౌస్ స్టేషన్లో గూడ్స్ కదిలేటప్పుడు పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోయే వరుస కూడా తీసుకో. ప్లాట్‌ఫారం మీద నిలబడి తియ్యి, ప్లాంటు గేటు లోపల మాత్రం ఫోను తియ్యకు.

వచ్చే ఆదివారం ఇండెంట్ రాసుకుని రా. బీరువా మీద నా పాత కీబోర్డు ఉంది, దానికి వెనక మిడి అవుట్ ఉంది, పిచ్ చక్రం బాగానే తిరుగుతుంది. ఎగువ సా పలకడం లేదు. ఈలోగా విప్పి ఆ మీట కింద రబ్బరు శుభ్రం చేసి ఉంచుతాను. ఈసారి పెసరట్టు వేడిగా ఉన్నప్పుడే తిను, మీ అత్త బాధపడింది.

నీ మేనమామ