రామనగరంలో తోడు: స్వచ్ఛంద రాజకీయ కార్యం – ఒక నైతిక విచారణ

స్థానిక రాజకీయ కార్యంలోకి స్వచ్ఛందంగా దిగినవారిని కారణమడిగితే సాధారణంగా రెండు సమాధానాలు వస్తాయి. మొదటిది లక్ష్యాన్ని చెప్తుంది: పన్ను తగ్గాలి, సారా దుకాణం మూతపడాలి, చెరువు ఆక్రమణ తొలగాలి. రెండవది ఆలస్యంగా, కొంత మొహమాటంతో వస్తుంది: అక్కడ నాకు మనుషులు దొరికారు. ఈ మొహమాటమే ప్రస్తుత విచారణకు విషయం. ప్రజల కష్టం పేరిట నడిచే పనిలో మన ఒంటరితనానికి మందు వెతుక్కోవడం దోషమా?

అరిస్టాటిల్ నికొమాకియన్ నీతిశాస్త్రంలో మైత్రిని ప్రయోజనం, సుఖం, సద్గుణం అనే మూడు ఆధారాలపై విభజించాడు. కార్యకర్తల మైత్రి ఈ మూడింటిలో దేనిలోనూ పూర్తిగా ఇమడదు. వారిని కలిపింది ప్రయోజనమే అయినా అది వారి సొంత ప్రయోజనం కాదు. హన్నా ఆరెంట్ 1963లో విప్లవాన్ని గురించి రాసిన గ్రంథంలో ప్రజాజీవనంలో పాల్గొనడమే ఒక ఆనందమని, అమెరికా విప్లవకాలంలో పట్టణ సభలకు వెళ్ళినవారు కేవలం కర్తవ్యబుద్ధితోనే వెళ్ళలేదని వాదించింది. ఈ వాదం మన మొహమాటాన్ని కొంతవరకు తొలగిస్తుంది. అయితే ఆ ఆనందానికి వెల ఎవరు చెల్లిస్తారన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. దానికి చీరాల–పేరాల ఉద్యమాన్ని మించిన ఉదాహరణ మనకు అరుదు.

చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చడంతో సుమారు 4 వేల రూపాయలుగా ఉన్న పన్ను 40 వేలకు చేరింది. జనాభాలో అధికులు నేతపనివారు. పన్ను నిరాకరించి జైలుకు వెళ్ళినవారిలో ఒక స్త్రీ కూడా ఉంది. 1921 ఏప్రిల్‌లో చీరాల వచ్చిన గాంధీజీ రెండు మార్గాలు సూచించాడు: అహింసతో పన్ను నిరాకరణను కొనసాగించడం, లేదా పురపాలక సంఘ పరిధి దాటి వెళ్ళిపోవడం. జనం రెండవదాన్ని ఎంచుకున్నారు. సుమారు 15 వేల జనాభాలో 13 వేలకు పైగా ఇళ్ళు వదిలి, ఊరి వెలుపల పాకలు వేసుకొని, ఆ వాడకు రామనగరమని పేరు పెట్టుకున్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య తీర్చిదిద్దిన రామదండు అనే స్వచ్ఛంద సేవకుల దళం ఈ ఉద్యమానికి వెన్నెముక. పాటలు, భక్తి, క్రమశిక్షణ కలగలిసిన ఆ దళంలో చేరిన యువకునికి లభించిన సాహచర్యం కులం, వీధి, బంధుత్వం ఇచ్చే సాహచర్యం కంటే భిన్నమైనది. అది పుట్టుకతో వచ్చింది కాదు, ఎంచుకున్నది.

నేతగానికి ఇది మరోలా కనిపిస్తుంది. గుంటమగ్గం ఇంటి నేలలో పాతుకున్న పనిముట్టు; దాన్ని భుజాన వేసుకొని పోలేము. పాకలో మళ్ళీ గుంట తవ్వాలి, వాన పడితే ఆ గుంటలో నీరు నిలుస్తుంది. వలస సుమారు పదకొండు నెలలు సాగింది. ఆ మధ్యకాలంలో గోపాలకృష్ణయ్య బరంపురంలో అరెస్టయి ఏడాది శిక్షకు లోనయ్యాడు. చివరకు జనం తిరిగి వెళ్ళారు. పురపాలక సంఘం అలాగే నిలిచింది. లక్ష్యం ఓడిపోయింది, తోడు మిగిలింది అని చెప్పి తృప్తిపడడం ఇక్కడ నాకు సమ్మతం కాదు. ఆ మాట సేవకునికి సులభం. మగ్గం ఆగిన ఇంటికి అంత సులభం కాదు.

అలాగని సాహచర్యాన్ని నిందించడమూ సరికాదు. జాన్ ఎల్‌స్టర్ 1983లో వివరించినట్లు కొన్ని స్థితులు నేరుగా కోరుకుంటే దూరమవుతాయి, నిద్ర అటువంటిది. సాహచర్యమూ ఆనుషంగిక ఫలమే. తోడు కోసమే వచ్చినవానికి పని భారమవుతుంది, పని కోసం వచ్చినవానికి తోడు దొరుకుతుంది. కాని ఈ సూత్రం సగమే నిజం. తోడు లేకుండా పాకల్లో పదకొండు నెలలు ఎవరూ ఉండలేరు. అది ఫలం మాత్రమే కాదు, పనిని నిలబెట్టే ఆధారం కూడా. అందువల్ల కోరికను తప్పుపట్టే బదులు, ఆ తోడును అనుభవించేవారు, దాని వెల చెల్లించేవారు ఒకరేనా అని అడగడం న్యాయం.

నెల్లూరు జిల్లా దూబగుంటలో ఈ క్రమం తలకిందులైంది. అక్కడి స్త్రీలు రాజకీయంలోకి వచ్చి తోడు వెతుక్కోలేదు. అక్షరాలు దిద్దడానికి రాత్రి బడికి వచ్చి ఒకరినొకరు కనుగొన్నారు. తమ ఇళ్ళలోని కష్టం ఒకటేనని తెలిశాక సారా దుకాణం మీదికి నడిచారు. తోడును అనుభవించినవారే దెబ్బలు తిన్నవారు కూడా. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధంగా విస్తరించింది, 1997లో సడలిపోయింది. చట్టం సడలినంత మాత్రాన ఆ రాత్రి బడిలో ఒకరికొకరు చెప్పుకున్న మాటలు వెనక్కి పోలేదు. ఈ భేదమే రామనగరానికీ దూబగుంటకూ మధ్య నేను చూసే ముఖ్యమైన నైతిక భేదం. (ప్రసంగవశాత్తు ఒక మాట: 2019 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్ అనే పదం యాభై ఇళ్ళకొకరుగా గౌరవ వేతనంపై పనిచేసిన వ్యక్తికి స్థిరపడింది. పదం మారినప్పుడు దాని వెనుక ఉన్న స్వేచ్ఛ కూడా కొంత మసకబారుతుంది.)

మిగిలిన ప్రశ్న కదలనివారిది. రామనగరానికి వెళ్ళని వారు దాదాపు రెండు వేలమంది. వారిలో భయపడినవారు, రోగులు, అప్పులున్నవారు, ఉద్యమం పొరపాటని నిజాయితీగా నమ్మినవారు ఉండడం సహజం. ఉద్యమ కథనాల్లో వారికి చోటు తక్కువ. ఎంచుకున్న బంధుత్వం బిగుసుకునేకొద్దీ మనవాడు కానివాని రూపురేఖలు స్పష్టమవుతాయి. ఉమ్మడి ప్రత్యర్థి వల్ల పుట్టిన స్నేహానికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పాకలు విప్పి తిరిగి వచ్చినవారు కదలనివారి ఇంటి గోడకు ఆనుకొనే మళ్ళీ మగ్గాలు వేయవలసి వచ్చింది. పన్ను ఇద్దరికీ ఒకటే.